తిరగేసి బిగించిన ఫ్యాన్

1979లో ఓ మధ్యాహ్నం, ద్వారకా నగర్‌లోని నా షెడ్డుకి తవిటయ్య కోపంగా వచ్చాడు. పాత బస్సునే ఇల్లు చేసుకుని, భార్య పైడితల్లితో ఊరూరా తిరిగి ఫోటోలు తీసే మనిషి. వారం క్రితమే ఆ బస్సుకి నేను ఫ్యాన్ బెల్టు మార్చాను.

"రోడ్డు మీద బానే ఉంటాది. ఒక్కకాడ నిలబెడితే సాలు, ఇంజిను మరిగిపోతాది. ఏటి సేసినావ్ బాషా?" అన్నాడు. నా చేతుల మీంచి చూపు తిప్పలేదు.

ఇంజిన్ ఆన్ చేయించి, రేడియేటర్ ముందు ఓ కాగితం పెట్టాను. ఫ్యాన్ గాలి లాగితే అది అతుక్కోవాలి. జారి కింద పడింది. ఆపి చూస్తే, ఫ్యాన్ తిరగేసి బిగించి ఉంది.

"నువ్వు తప్ప దీన్నెవులు ముట్టుకున్నారు? నాను మళ్ళీ నీకాడికే రావాలని సేసినావు!"

నేను అలా బిగించలేదు. ఆ మాట అనేలోపే అతని వెనక నిలబడ్డ పైడితల్లి, వద్దన్నట్టు నాకు దండం పెట్టింది.

"తప్పయిపోనాది బావా" అన్నాను.

ఫ్యాన్ సరిచేశాను. తవిటయ్య టీ తాగడానికి వెళ్ళగానే ఆమె దగ్గరికొచ్చింది.

"తుడుస్తానని మొన్న ఆయనే ఇప్పీసి బిగించినాడు. గుర్తు నేదు. నిన్న నన్నే, ఎవులు నువ్వని అడిగినాడు."

కళ్ళు తుడుచుకుంది.

"ఈ బస్సొక్కటే ఆయనికింకా గుర్తుంది. తోలడం నాకు నేర్పు అన్నయ్యా."