దింపే చోటు

“అందరికీ పెట్టండి. ఒక్క పిల్లకి మాత్రం ఫిక్స్‌డ్ షిఫ్ట్ వద్దు,” అంది పెద్దక్క.

ఆ కాల్ సెంటర్‌లో ఆవిడ టీమ్ లీడర్. పెద్దక్క అన్న పేరు వయసును బట్టి కాదు, పెత్తనాన్ని బట్టి వచ్చింది. పక్కన కంప్యూటర్ ముందు కూర్చున్నది సాఫ్ట్‌వేర్ కంపెనీ మనిషి. ఎవరు ఏ వేళకు డ్యూటీ ఎక్కాలో, ఎప్పుడు దిగాలో ఇకమీదట సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. దాన్ని ఈ ఆఫీసుకు తగ్గట్టు అమర్చడానికి వచ్చాడు. నిజానికి వేరే ఎవరో రావాల్సిందట. ఆఫీసు పంపిన పేర్లూ షిఫ్టులూ చూశాక, ఈ పని తనే అడిగి తీసుకున్నాడట.

ఇన్నాళ్లూ వారం వారం షిఫ్టులు మారేవి. తిండికీ నిద్రకీ వేళాపాళా లేక జనం గగ్గోలు పెట్టారు. ఇప్పుడు ఎవరి షిఫ్ట్ వాళ్లకు స్థిరం. ఆ కబురు విని ఫ్లోర్ మొత్తం ఎగిరి గంతేసింది, ఒక్క గుసగుస తప్ప.

గుసగుస అంటే మనిషే. ఎంత మండిపడే కస్టమర్‌తోనైనా చెవిలో చెప్పినట్టు మాట్లాడుతుంది. ఆ గొంతు వినాలంటే అవతలివాడు అరుపు ఆపాల్సిందే. ఆ ముద్దుపేరు పెట్టింది కూడా పెద్దక్కే.

“ఎందుకు వద్దట?” అన్నాడు సాఫ్ట్‌వేర్ మనిషి, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా.

పెద్దక్క నసిగింది. నోట్లో నువ్వుగింజ నానని రకం కాదు ఆవిడ. నెలల తరబడి ఈ సంగతి కడుపులోనే దాచుకుంది.

“కారణం లేకుండా మినహాయిస్తే పైవాళ్లు నా ప్రాణం తీస్తారండీ,” అన్నాడాయన మర్యాదగా.

ఆవిడ లేచి తలుపు మూసి వచ్చింది.

“మొగుడు చంపబోతే కట్టుబట్టలతో పారిపోయి వచ్చిందండీ. వాడింకా వెతుకుతూనే ఉన్నాడట. రోజూ ఒకే వేళకి గేటు దాటితే వాడు మాటు వెయ్యడం తేలికని దాని భయం. వేళలు మారుతుంటే ఎంతకని నిలబడతాడు?”

కీబోర్డు మీద ఆయన వేళ్లు ఆగిపోయాయి.

“చంపబోయాడని ఆవిడే చెప్పిందా?”

“మెడ మీద మచ్చ చూశాను. ఇంక చెప్పాలా?”

ఆయన సీసా ఎత్తి గడగడా నీళ్లు తాగాడు. మెత్తని మనిషి, ఇలాంటివి విని తట్టుకోలేడు అనుకుంది పెద్దక్క.

“వాడెలా ఉంటాడో మనకి తెలీదు. పేరెత్తితేనే వణికిపోతుంది, ఇంకేం అడుగుతాం?” అంటూ ఆవిడ ఆయన్ని కిటికీ దగ్గరికి పిలిచింది. “అదిగో, నా భయమల్లా ఆ బైకు మనిషి గురించి. రెండు మూడు రోజులుగా గేటు ముందే ఉంటున్నాడు. హెల్మెట్ తియ్యడు.”

ఆయన వంగి చాలాసేపు చూశాడు. దవడ బిగుసుకుంది.

“ఆవిడ అతనితో మాట్లాడుతుందా?”

“అయ్యో, ఎవరితోనూ మాట్లాడదండీ.”

“వాడి మొహం ఒకసారి చూడాలి,” అన్నాడు నెమ్మదిగా.

పరాయి పిల్ల కోసం ఇంత రోషపడే మగాడిని పెద్దక్క ఈ మధ్య చూడలేదు. ఆవిడకు కళ్లు చెమర్చాయి.

ఆయన మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. “ఒక పని చేద్దామండీ. షిఫ్ట్ స్థిరంగానే పెట్టి, దానికి క్యాబ్ కట్టేద్దాం. మారే షిఫ్టులకి ఈ సాఫ్ట్‌వేర్ క్యాబ్ ఇవ్వదు. స్థిరమైన వాటికైతే ఇస్తుంది. కారు గేటు లోపలే ఎక్కించుకుని ఇంటి గుమ్మంలో దింపుతుంది. రోడ్డు మీద నిలబడే పనే ఉండదు.”

పెద్దక్కకు ప్రాణం లేచొచ్చింది. ఇంత సులువైన దారి తనకెందుకు తట్టలేదా అని నొచ్చుకుంది కూడా. పిల్ల పేరు చూపించబోయేలోపే ఆయన జాబితాలో ఆ పేరు దగ్గరికి వచ్చేశాడు. పనిమంతుడు.

సాయంత్రం షిఫ్ట్ పెట్టాడు. వారానికో సెలవు పెట్టాడు. తర్వాతి గడి దగ్గర ఆగాడు.

“దింపే చోటు? ఇక్కడేదో హాస్టల్ అని ఉంది.”

“అది పాతదండీ. అక్కడ ఉండట్లేదు.”

“సరైనది వెయ్యకపోతే క్యాబ్ రాదు మరి.”

కొత్త గది ఎక్కడో ఆఫీసులో పెద్దక్క ఒక్కదానికే తెలుసు. వెతికి పెట్టిందే ఆవిడ. ఎవరికీ చెప్పనని పిల్ల చేతిలో చెయ్యి వేసి మాటిచ్చింది. అయినా ఇది ఒకరికి చెప్పడమా? డ్రైవర్‌కి దారి తెలియాలి కదా.

చెప్పింది. బేకరీ వెనక సందు. నీలం గేటు. మెట్లు బయటినుంచే, పై గది.

“ఒక్కతే ఉంటుందా?”

“ఒక్కతే, పాపం.”

ఆయన అచ్చుతప్పు లేకుండా కొట్టి, ఒకసారి చదువుకుని, సేవ్ చేశాడు. సంచీ సర్దుకున్నాడు.

“ఉండండీ, రెండో షిఫ్ట్ వాళ్లు వచ్చే వేళయింది. పిల్లని పరిచయం చేస్తాను. మీకు దణ్ణం పెట్టుకుంటుంది.”

“మళ్లీ వస్తాగా,” అన్నాడు నవ్వుతూ.

ఆయన వెళ్లాక పెద్దక్క కిటికీ దగ్గర నిలబడింది. మొదటి షిఫ్ట్ దిగిన అమ్మాయి ఒకతె గబగబా వెళ్లి ఆ బైకెక్కింది. హెల్మెట్ మనిషి ఎవరి మొగుడో తేలిపోయింది. ఆ బైకు భయం దిగిపోయి పెద్దక్కకు నవ్వొచ్చింది. బైకు కదిలిపోయింది. గేటు దగ్గర ఇప్పుడు సాఫ్ట్‌వేర్ మనిషి ఒక్కడే ఉన్నాడు. తలెత్తి చూశాడు. ఆవిడ మనసారా చెయ్యి ఊపింది.

ఎప్పటిలాగే వెనక మెట్ల దారిన వచ్చిన గుసగుస, ఆవిడ భుజం మీంచి కిటికీలోంచి చూసి, చటుక్కున వెనక్కి తగ్గి అడిగింది: “అక్కా, మా ఆయనకి చెయ్యి ఊపుతున్నారేంటి?”