తువ్వాల తియ్యమన్న మేడమ్

దవాఖాన ఆఫీసర్లూ, ఆమె సంగతి దాచింది మీరే! తప్పు మాత్రం మత్తయ్య నెత్తిన రుద్దారు.

మత్తయ్య మిర్యాలగూడ రైస్ మిల్లులో హమాలీ. జోడీ భద్రు. ఇద్దరూ పన్నెండేళ్లు కలిసి బస్తాలు మోశారు.

ఎండాకాలంలో గోదాములో బస్తాల నెట్టు కూలింది. భద్రు దాని కిందే పోయాడు.

అప్పట్నుంచి గోదాము గడప దగ్గరికొస్తే మత్తయ్యకు కాళ్లు కదలవు. చెమటలు, గుండెదడ.

"రెండు నెలలు సూస్త" అన్నాడు సేటు. "లోపలికి పోతివా పని ఉంటది. లేకుంటే ఇంటికి పో."

దవాఖానలో మందుబిళ్లలు ఇచ్చారు. వారానికోసారి సూర్యాపేట నుంచి మనసు బాధలు వినే కౌన్సెలర్ సౌందర్య మేడమ్ వీడియోలో మాట్లాడుతుందని కూడా చెప్పారు.

"ఫోన్ల బాధ చెప్పుకుంటె తగ్గుతదా, సిస్టరమ్మా?" అని నర్సు కృపను అడిగాడు.

"చెప్పి సూడే అన్నా. ఒక్క బిళ్లలతోనే అయ్యేది కాదు."

సెలవు ఎవడిస్తాడు? తిండి వేళ మిల్లులోనే, మర పక్కన కూర్చుని ఫోన్ పట్టుకున్నాడు.

"మత్తయ్య గారూ, ముఖానికి కట్టుకున్న ఆ తువ్వాల తీయండి" అంది మేడమ్ మొదటి మాటే.

"ఊక దుమ్ము మేడమ్. ముక్కులకు పోతది."

"కాసేపేనండి. మీ ముఖం నాకు కనపడాలి."

ముఖంతో ఈమెకేం పని? అర్థం కాలేదు. అయినా తీశాడు.

ఆమె గొంతు కూడా వింతగానే ఉంది. ఎగుడూ లేదు, దిగుడూ లేదు. బస్టాండు మైకులో చెప్పినట్టు ఒకే తీరు.

కానీ అడిగిన మాటలు వేరు. "బస్తా ఎత్తేటప్పుడు భద్రు గారు ఏమనేవారు?" అంది ఓసారి.

ఎవరూ అడగని మాట. చెబుతూ చెబుతూ మత్తయ్య ఏడ్చాడు. ఆపేదాకా ఆమె కళ్లు పక్కకు తిప్పలేదు.

మూడో వారం గోదాములోకి ఒక అడుగు వేశాడు. ఐదో వారం నాలుగు అడుగులు.

అప్పుడు నరేందర్ పుల్ల పెట్టాడు. అతనూ హమాలీయే.

"అన్నా, అది మనిషి కాదే, మిషిన్! నా పెండ్లాం పక్కకొచ్చి ఒర్రినా ఈ మర చప్పుడుల నాకు ఇనపడది. సూర్యాపేటల కూసున్నామెకు నీ మాట ఒక్కటి తప్పకుండ ఎట్ల తెలుస్తది?"

మత్తయ్యకు మతిపోయింది. నిజమే కదా!

ఆ వారం కావాలనే తువ్వాల ముక్కు దాకా బిగించాడు. "మేడమ్, నా జోడీ పేరేంది? చెప్పు."

"మత్తయ్య గారూ, తువ్వాల తీయండి."

"పేరు చెప్పు, తీస్త."

"తువ్వాల తీయండి, ప్లీజ్."

"అసలు నువ్వు మనిషివేనా?"

"తువ్వాల తీయండి మత్తయ్య గారూ."

"సూసినవా!" పక్కనే నిలబడి చూస్తున్న నరేందర్ తొడ చరిచాడు. "ఆడనే ఇరుక్కున్నది!"

మత్తయ్య ఫోన్ కట్ చేశాడు. ఇన్నాళ్లూ ఒక మిషిన్ ముందు ఏడ్చానా అని ఒళ్లు మండిపోయింది.

మర్నాడే పదకొండు మంది హమాలీల సంతకాలతో దవాఖానలో కాగితం ఇచ్చాడు. మిషిన్లొద్దు, మనుషుల్ని పెట్టండని.

ఆఫీసర్లకు అంతకంటే ఏం కావాలి? నాలుగు రోజుల్లో ఆమెను తీసేశారు. బదులుగా ఎవర్నీ పెట్టలేదు. సూర్యాపేటలో ఆమె కూర్చునే గదికి తాళం పడింది.

మత్తయ్య కాళ్లు మళ్లీ గడప దగ్గరే ఆగిపోయాయి. రెండు నెలలూ నిండాయి. సేటు ఇంటికి పొమ్మన్నాడు.

దవాఖానకు ఉరికాడు. కృప తిట్టిపోసింది.

"మిషినేంది అన్నా? ఆమె మనిషే. కోదాడ పిల్ల. నీ కాగితంతోటి ఉన్న ఉద్యోగం పోయి ఇంటికాడ కూసున్నది."

"మరి నేనడిగితె జవాబెందుకియ్యలె?"

కృప అటూ ఇటూ చూసి తలుపు దగ్గరికేసింది.

"నంబరియ్యి సిస్టరమ్మా. ఫోన్ చేసి మాట్లాడుత, తప్పయిందంట."

"ఫోన్ల మాట్లాడితె ఏం లాభమన్నా..." అంటూ అసలు సంగతి చెప్పింది. "చెప్తె పేషెంట్లు రారు, నోరు మూసుకోమన్నరు పెద్దసార్లు."

మత్తయ్య బల్ల మీది తెల్లకాగితం తీశాడు. కృప చేతిలో పెట్టాడు.

"రాయి సిస్టరమ్మా. మేము తప్పు రాసినం, మీరు నిజం దాసిన్రు. పెదాలు సూసి మా గోసంత తెలుసుకున్న మేడమ్‌ను, రెండు చెవులూ వినపడని మా సౌందర్య మేడమ్‌ను, సోమవారం లోపల మళ్ల పనిల పెట్టాలె, ఆమె సంగతి గోడకు రాసి అందరికి చెప్పాలె!"