గడప మీది మందుకుండ

మకావు రేవు మీంచి మంచు దిగి మా సందంతా దూదిలా అయిపోయింది. మూలికల కొట్టు మూసేస్తుంటే గడప మీద మా మందుకుండ కనబడింది. బట్టలుతికే క్వాయ్, కూతురి జ్వరానికి కషాయం కాస్తానని అడిగి పట్టుకెళ్ళిన కుండ అది.

మా దగ్గర, అడిగి తీసుకెళ్ళిన మందుకుండను ఎవరూ తిరిగి తెచ్చివ్వరు. కావాలంటే సొంతదారే వెళ్ళి తెచ్చుకోవాలి. తెచ్చిస్తే కుండతో పాటు రోగమూ సొంతదారు ఇంటికి వస్తుంది.

"క్వాయే పెట్టిపోయిందేమో," అన్నాడు మా ఆయన, కత్తి సానబెడుతూనే.

"పిల్లను మట్టిచేసి, ఇంటికి తాళమేసి పోయింది కదయ్యా. ఆ శవప్పెట్టె మోసినవాడివి నువ్వే."

"అయితే కుండకి కాళ్ళొచ్చాయిలే."

అలా అన్నాడే గానీ, సానరాయి చప్పుడు ఆగిపోయింది.

కుండ వెచ్చగా ఉంది. తీసుకెళ్ళి క్వాయ్ ఇంటి మెట్టు మీదే పెట్టేద్దామని బయల్దేరాను. ఎక్కడా ఒక్క కుక్క కూడా మొరగడం లేదు. సగం దూరం వెళ్ళానో లేదో, సన్నని సెగ మీద ఉన్నట్టు నా చేతుల్లోనే మూత టకటకలాడింది.

మూత తీశాను. చామంతి, పుదీనా వాసన. ఆ పిల్ల కోసం నేను కట్టిచ్చిన మందే. చిన్న గిన్నెడు మిగిలేలా పదునుగా కాగి ఉంది. ఎవరూ తాగలేదు.

వెనక మా ఇంట్లోంచి, సాయంత్రం దాకా గంతులేసిన మా బుడ్డాడి గొంతు నిద్రమత్తుగా వినిపించింది.

"ఎక్కడికి తీసుకెళ్తున్నావమ్మా? కాస్త చల్లార్చి ఇవ్వు."