గది వేడి

"డెబ్బై ఎనిమిది డిగ్రీలు. రాసుకో చెల్లీ," అన్నాడు అన్నయ్య.

రాసుకున్నాను. కంప్యూటర్లో కొత్తగా పెట్టిన గ్రాఫిక్స్ కార్డు వేడి అది. ఇంకో అరగంట గేమ్ నడవనిచ్చి, కింద కొట్టుకెళ్ళి టీ తాగొచ్చాం. రివ్యూ వీడియో రేపే మా ఛానెల్లో పెట్టాలి. నాన్న పోయి నెలైంది. ఒక్క రివ్యూ కూడా ఆపలేదు. అమ్మకి గానీ మా ఇద్దరికి గానీ ఏడుపు రాలేదు.

మేం వచ్చేసరికి అమ్మ గదిలో నిలబడి ఉంది.

"మీ నాన్న కుర్చీ ఎవరికైనా ఇచ్చేయండర్రా. ఊరికే అడ్డం."

"సాయంత్రం వాచ్‌మన్ పట్టుకెళ్తానన్నాడమ్మా," అన్నాడు అన్నయ్య.

"మంచిది," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"గది వేడి కూడా చూడు," అన్నాడు అన్నయ్య.

వేడిని రంగుల్లో చూపించే కెమెరాని గదంతా తిప్పాను. గోడలు నీలం. బల్ల నీలం. కంప్యూటర్ ఎరుపు, అది మామూలే. నాన్న కుర్చీలో కూడా నారింజ రంగు, మనిషి ఇప్పుడే లేచినట్టు.

"నువ్వు కూర్చున్నావా?" అని అన్నయ్యని అడిగాను.

"నాన్న కుర్చీలో నేనా? నువ్వు?"

"లేదు."

అన్నయ్య కూడా కెమెరా తెర వైపు వంగాడు. నారింజ మెల్లగా పలచబడుతోంది. వంటింట్లో గిన్నెల చప్పుడు.

అన్నయ్య వాచ్‌మన్‌కి ఫోన్ చేశాడు.

"కుర్చీ ఇవ్వలేం, ఏమనుకోకు. ఇంట్లో వాడుతున్నారు."