ఇరుసు కింది నంబరు

ఆ ముసలాయన నా సైకిల్ షాపుకి తెచ్చిన పాత రేసు సైకిల్‌ని బోర్లించి, పెడళ్ల ఇరుసు కింద కొట్టిన నంబరు చదివాను. పొద్దున్నుంచీ వంగి వంగి నడుము పట్టేసింది.

"మా అబ్బాయి పోయిన రోజు తొక్కింది ఇదే. ముప్ఫై ఏళ్లయింది. ఎప్పటి సైకిలో చెప్పండి చాలు," అన్నాడాయన.

నంబరొక్కటే నమ్మలేం కదా, వెనక గేరు మీద తయారీ ముద్ర కూడా చూశాను. రెండూ ఒకటే మాట చెప్పాయి. ఆ అబ్బాయి పోయిన రెండేళ్లకు తయారైన సైకిల్ ఇది.

తలెత్తాను. ఆయన వెనక నిలబడ్డ భార్య నాకేసి చూస్తూ చప్పుడు కాకుండా చేతులు జోడించింది.

ఇంకొకరి కాపురంలో నిప్పులు పోసే ఓపిక నాకు లేదు. "అప్పటిదేనండీ. సామానంతా అప్పటిదే," అన్నాను.

ఆవిడ ఆటో పిలవడానికి బయటికెళ్లింది.

ఆయన సైకిల్‌ని నిలబెట్టుకున్నాడు. "వాడి సైకిల్‌ని రోజూ తుడిచేవాణ్ణి, ఇది అది కాదని నాకు తెలీదా? దాన్ని చూడలేక మా ఆవిడ పాతసామాన్లవాడికి ఇచ్చేసింది. నేను తిండి మానేసేసరికి ఎక్కడో ఇలాంటిదే వెతికి తెచ్చి, వాడిదే బాగుచేయించానంది. ఎప్పుడు బయటపడుతుందోనని ఇన్నేళ్లూ బిక్కుబిక్కుమంటూనే ఉంది. సైకిళ్ల సంగతి తెలిసినవాళ్ల నోట అదేనని వింటే ఇకనైనా కంటినిండా నిద్రపోతుందని తీసుకొచ్చాను."

"మరి నేను నిజం చెప్పేసి ఉంటే?"

"మీకు చూపు ఆనడం లేదని మా ఆవిడతో చెప్పేవాణ్ణి."