పసుపు మడ్డి

చెల్లదురై మాస్టారూ, మీ బడి ల్యాబు గొట్టం ఏళ్లుగా నా తోటకూర మడిలోనే పసుపు మడ్డి కక్కుతోంది.

నిన్న తిట్టిపోద్దామని వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాను. నువ్వు బోర్డు మీద అంకెలు అటూ ఇటూ సరిచేసి, కిందికి బాణం గీశావు.

"అడుక్కి దిగే ఈ పసుపు సీసంది. ముట్టుకోకండిరా, విషం. ఇటెంతో అటంతే, ఏదీ మాయం కాదు" అన్నావు.

"దిగింది ఎక్కడికి పోతోంది మాస్టారూ?" అన్నాను.

"పో తాతా, పోయి కూర అమ్ముకో!" అన్నావు. పిల్లలు నవ్వారు.

ఇక అమ్మను. మడంతా పీకేశాను.

పొద్దున మీ ఆవిడ గుమ్మంలో ఆపింది. "ఏం తాతా, రోజూ మాకే ముందు ఇస్తావు, ఇవాళ పాప పప్పులోకి కూరేదీ?" అంది. కూర అయిపోయిందని చెప్పి వచ్చేశాను.

శుక్రవారంలోగా ఆవిడకి సంగతి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?

పెరియకరుప్పన్