అడంగల్ అడిగినవాడు

మండలాఫీసు ఎదురుగా టీ కొట్టు దగ్గర గుమాస్తా మారుతి సుంకప్పను పక్కకు పిలిచాడు.

"నీ చేను అడంగల్ ఎవడో అడిగినాడప్పా. సమాచార హక్కు కింద అర్జీ పెట్టినాడు."

సుంకప్పకు నోట్లో టీ చేదయింది.

అడంగల్ అంటే చేను ఎవరిదో, సాగు ఎవరిదో చెప్పే సర్కారు కాగితం. కదిరి అవతలి ఆ పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఒకటుంది. సొంత అడంగల్ అడిగేవాడు రైతు, పక్కవాడి అడంగల్ అడిగేవాడు దొంగ. సోలారు కంపెనీలకు భూములు కుదిర్చే బ్రోకర్లు అక్కడే మొదలుపెట్టారు. ముందు కాగితం తీశారు, తర్వాత కంచె వేశారు.

ఎవడు వాడని సుంకప్ప అడిగాడు. పేరు చైతన్య, ఉండేది బెంగళూరని మారుతి చెప్పాడు. ఇక్కడ కుదరదంటే పై ఆఫీసుకు పోయాడట. పాత రికార్డులన్నీ చూపించమని వాళ్లు ఆర్డరు వేశారట. సోమవారం వస్తున్నాడట.

అర్జీదారు సంగతి బయట పెట్టకూడదని మారుతికి తెలియక కాదు. ఆ రికార్డులు తెరిస్తే అతను దిద్దిన పేర్లు కూడా బయటపడతాయి. కంచే చేను మేసిన చోట ఎవరైనా తొంగి చూస్తే ఊరుకుంటారా? తన చేతికి మట్టి అంటకుండా పని జరగాలి. సుంకప్ప కోపం అందుకు చాలు.

సుంకప్ప భయం వేరు. ఆ చేనుకు అతని దగ్గర పత్రం లేదు.

పెద్ద కరువులో గంగాధరప్ప అనే ఆసామి ఊరు విడిచిపోతూ, చేను సుంకప్ప నాయన బాలప్పకు అమ్మాడు. చేలో నిలబడి గుప్పెడు మట్టి తీసి బాలప్ప దోసిట్లో పోశాడు. ఆ రోజుల్లో అదే రిజిస్ట్రీ. ఆ మట్టిని నమ్మి బాలప్ప బావి తవ్వాడు. అది ఎండిపోతే సుంకప్ప బోర్లు వేసి, ఎండిన ప్రతి బోరుకూ ఒక అప్పు మోసి, చివరికి నీళ్లు చూశాడు.

పేరు మార్చమని ఆఫీసుకు పోయినప్పుడల్లా మారుతిది ఒకటే జవాబు. అమ్మినాయన గానీ, ఆయన వారసుడు గానీ వచ్చి సంతకం పెట్టాలి. గంగాధరప్ప ఏ దేశం పట్టిపోయాడో ఊళ్లో ఎవరికీ తెలియదు.

సుంకప్ప ఇంటికొచ్చి గొడ్డలి నుంచి కర్ర కామ ఊడదీశాడు.

ఆ వచ్చేవాణ్ని ముందు ఒక్క మాట అడిగి చూడమని భార్య మల్లీశ్వరి బతిమాలింది.

"నోటి మాటతో కొన్న చేను ఇది. నోటి మాటతో నిలబడదు," అన్నాడు సుంకప్ప.

సోమవారం బస్సు దిగిన మనిషి బక్కగా, కళ్లద్దాలతో ఉన్నాడు. ఆఫీసులోకి పోయి చాలాసేపు కూర్చున్నాడు. బయటికొచ్చేటప్పుడు మొహం వెలుగుతోంది. గేటు దగ్గర సుంకప్ప కనబడితే, బాలప్ప కొడుకు సుంకప్ప ఇల్లు యాడని అతన్నే అడిగాడు.

"నేనే," అన్నాడు సుంకప్ప.

ఆ మనిషి నవ్వాడు. "నువ్వేనా అన్నా? పద, ముందు చేను చూద్దాం."

కామతో మొదటి దెబ్బ భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు టీ కొట్టు దాకా వినబడింది.

రెండో దెబ్బకు కళ్లద్దాలు పగిలి కంట్లో దిగాయి. మనిషి మోకాళ్ల మీద కూలి, చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగన్నా, మా నాయన..."

మూడో దెబ్బ నోటి మీద కొట్టాడు సుంకప్ప. ఆ తర్వాత తల మీద. ఇంకా కొట్టాడు. నా చేను, నా చేను అంటూ, చెయ్యి లేవనంతవరకు కొట్టాడు.

ఒక్క కాగితం చూపించడానికి రెండేళ్లు పట్టిన ఆ ఆఫీసుకు కిటికీలు మూయడానికి క్షణం పట్టలేదు. మారుతి కిటికీ మాత్రం తెరిచే ఉంది.

ఆటోలో కదిరికి తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది.

స్టేషన్లో సుంకప్ప గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చొక్కా మీద నెత్తురు అట్ట కట్టింది. సద్దిమూట తెచ్చిన మల్లీశ్వరితో చెప్పాడు.

"నేను జైల్లో ఉంటే ఏమి? చేను నీకుండాది."

పొద్దు వాలే వేళకు బెంగళూరు నుంచి చనిపోయినతని భార్య జ్యోతి వచ్చింది. ఎవరు కొట్టారో ఆమెకు ఇంకా ఎవరూ చెప్పలేదు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. అయినా కానిస్టేబులును ఒక్కటే అడిగింది. బాలప్ప కొడుకు సుంకప్పను పిలిపించమంది.

కానిస్టేబులు తల దించుకున్నాడు. గోడ దగ్గర సుంకప్ప తలెత్తాడు. మల్లీశ్వరి లేచి వచ్చింది.

"ఆయనతో ఏమి పని తల్లీ?"

"ఆ చేను ఆయన పేరుకు రాసియ్యాలని మా ఆయన రెండేండ్లు ఈ ఆఫీసు సుట్టూ తిరిగినాడక్కా. మాకు సర్వే నంబరు కూడా తెలీదు. కాగితం చేతికి రాకుండా ఆ రైతుకు ఆశ పెట్టొద్దు, వచ్చినంక పోయి కలుద్దామనె. ఇంగ ఆ సంతకం నేనే పెట్టల్ల. పెట్టినంకనే శవాన్ని తీసుకపోతా."

మల్లీశ్వరి చేతిలోని సద్దిమూట జారి కింద పడింది.

"మీ ఆయన ఎవురమ్మా?"

"ఈ ఊరోడేనక్కా," అంది జ్యోతి కళ్లు తుడుచుకుంటూ, "గంగాధరప్ప కొడుకు."